టెన్షన్ పట్టుకున్నప్పుడు ట్యాపింగా, ఊపిరా, కౌన్సెలరా? ఎవరికి ఏది పనికొస్తుంది

మా మేనకోడలు మా ఇంట్లో ఉండి ఇంటర్ చదివింది. రెండో ఏడాది ఫిజిక్స్ పరీక్ష రోజు పొద్దున ఆరున్నరకి వంటింట్లోకి వచ్చి పొయ్యి పక్కన నిలబడింది. చేతులు చల్లగా ఉన్నాయి. "అత్తా, చదివిందేదీ గుర్తు రావట్లేదు. కడుపులో తిప్పుతోంది" అంది. ప్లేట్లో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. అప్పటికి రెండు వారాలుగా తను ఫోన్‌లో వీడియోలు చూసి ట్యాపింగ్ చేసుకుంటోంది, అంటే ముఖం, ఒంటి మీద కొన్ని చోట్ల వేళ్లతో తడుతూ తన భయాన్ని మాటల్లో అనుకోవడం. ఆ పొద్దున కూడా అరచేతి అంచు మీద రెండో చేతి వేళ్లతో కొట్టుకుంటూ "నాకు ఇంత భయంగా ఉన్నా..." అని మొదలుపెట్టింది. మాట పూర్తి కాకముందే ఏడుపు తన్నుకొచ్చింది. రెండోసారి మొదలుపెట్టింది, ఇంకా ఎక్కువ ఏడ్చింది.

ఇక ఆపమని చెప్పి పక్కన కూర్చోబెట్టాను. ఊపిరి లోపలికి ఎలా తీసుకున్నా పర్లేదు, వదిలేటప్పుడు మాత్రం పాలు చల్లార్చడానికి ఊదినట్టు నెమ్మదిగా వదలమన్నాను. ఎనిమిది తొమ్మిది సార్లకి భుజాలు దిగాయి. సగం ఇడ్లీ తింది. సెంటర్‌కి వెళ్లే ఆటోలో మళ్లీ ట్యాపింగ్ చేసుకుందట, ఈసారి మాటలు మనసులోనే అనుకుంటూ. అప్పుడు బాగా పనిచేసిందని సాయంత్రం చెప్పింది.

అదే పిల్ల, అదే భయం, అదే పద్ధతి. ఆరున్నరకి భయాన్ని పెంచింది, ఎనిమిదింటికి తగ్గించింది. "ట్యాపింగ్ మంచిదా కాదా" అని అడిగేవాళ్లకి నా జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఏ పద్ధతి గొప్పదో తేల్చుకునే ముందు, ఇప్పుడు మీరు ఏ స్థితిలో ఉన్నారో చూసుకోవాలి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

కలత ఎంత ఎత్తులో ఉంది? సున్నా అంటే ప్రశాంతం, పది అంటే ఇక తట్టుకోలేను. ఈ రకం కొలతని మానసిక చికిత్సలోకి తెచ్చినవాడు జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు. ట్యాపింగ్ వాళ్లు కూడా దీన్నే వాడతారు. నా లెక్కలో ఎనిమిది దాటితే మాటలతో చేసే పద్ధతులు పక్కన పెట్టాలి, ముందు శరీరాన్ని దించాలి. నాలుగు నుంచి ఏడు మధ్యలో ఉంటే ట్యాపింగ్‌కి మంచి సమయం.

కలత దేని గురించి? రేపటి ఇంటర్వ్యూ, పంటి డాక్టరు, స్టేజీ మీద మాట్లాడటం లాంటి ఫలానా భయమా? కారణం తెలియని దిగులా? ఎప్పుడో జరిగిన యాక్సిడెంటో, ఒంటి మీద జరిగిన దౌర్జన్యమో మళ్లీ మళ్లీ కళ్ల ముందుకి వస్తోందా? మూడింటికీ దారులు వేరు.

ఎక్కడ ఉన్నారు? ముఖం మీద వేళ్లతో కొట్టుకుంటూ, పైకి మాట్లాడుతూ చేసే పని ఆఫీసు క్యాబిన్లోనో, నలుగురున్న ఇంట్లోనో కుదరదు.

ఆధారం ఎంత? ఖర్చెంత? బెడిసికొడితే ఏమవుతుంది? ఈ మూడూ కలిపే చూడాలి. పైసా ఖర్చు లేనిది, హాని లేనిది అయితే ఆధారం కాస్త తక్కువైనా ప్రయత్నించొచ్చు. వేలకి వేలు అడిగితే ఆధారం గట్టిగా అడగాలి.

## ఇ.ఎఫ్.టి. ట్యాపింగ్

మనవాళ్లు "ట్యాపింగ్" అంటే చాలావరకు దీని గురించే. 1980 ప్రాంతంలో అమెరికాలో రోజర్ కల్లహాన్ అనే సైకాలజిస్టు, నీళ్లంటే విపరీతంగా భయపడే ఒకావిడకి కంటి కింద వేళ్లతో తట్టించి చూశాడు. ఆవిడ భయం పోయిందని చెప్పి, దాని చుట్టూ ఒక పద్ధతి అల్లాడు. ఒక్కో బాధకి ఒక్కో వరుసలో తట్టాలనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ ఇంజినీరింగ్ చదివినవాడు. అన్ని బాధలకీ ఒకటే వరుస చాలని 1990లలో దాన్ని సులువు చేశాడు. అదే ఇ.ఎఫ్.టి., అంటే ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్. కొందరు దీన్ని మన ఆయుర్వేదం చెప్పే మర్మ స్థానాలతో ముడిపెట్టి చెబుతారు గానీ, ఇది తీసుకున్నది చైనా అక్యుపంక్చర్ వాళ్ల నాడీ మార్గాల ఆలోచన.

చేసే తీరు ఇది. ముందు మీ అంకె వేసుకోండి. చిటికెన వేలి కింద అరచేతి అంచుని రెండో చేతి వేళ్లతో తడుతూ ఒక మాట మూడుసార్లు అనాలి. ఇంగ్లీషు నుంచి దించిన "నన్ను నేను గాఢంగా, సంపూర్ణంగా అంగీకరిస్తున్నాను" అనే వాక్యం వీడియోల్లో వినిపిస్తుంది. అది నా నోటికి ఎప్పుడూ పట్టలేదు. "నాకు భయంగానే ఉంది. ఉన్నా పర్లేదు, నాకు నేనున్నాను" అనుకోవడం మొదలుపెట్టాక పని జరిగింది. మీ ఇంట్లో మాట్లాడే భాషలోనే అనుకోండి.

తర్వాత ఒక్కో చోట ఐదు నుంచి ఏడు సార్లు, రెండు వేళ్ల కొసలతో మెల్లగా తట్టాలి: కనుబొమ మొదలు, కంటి పక్క ఎముక, కంటి కింద ఎముక, ముక్కుకీ పై పెదవికీ మధ్య, కింది పెదవి కింద గుంట, గొంతు దగ్గర కాలర్‌బోన్ మొదలయ్యే చోటికి కాస్త కింద, చంకకి నాలుగు వేళ్ల కింద, చివరికి నడినెత్తి. తట్టే ప్రతిచోటా బాధని చిన్న మాటలో అనుకోవాలి: "ఈ భయం", "ఛాతీలో ఈ బరువు". ఒక చుట్టు రెండు నిమిషాలు కూడా పట్టదు. అయ్యాక మళ్లీ అంకె వేసుకోవాలి. ఏడు ఐదైతే ఇంకో చుట్టు. మూడు చుట్లకీ కదలకపోతే ఆ పూటకి ఆపేయడం మంచిది.

మరి పనిచేస్తుందా? చేసేవాళ్లలో చాలామందికి టెన్షన్ తగ్గుతోంది, అది నిజం. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో 83 మందిని తీసుకుని గంటసేపు పరిశీలించారు. ట్యాపింగ్ చేసినవాళ్ల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను సుమారు 24 శాతం తగ్గింది. ఊరికే విశ్రాంతి తీసుకున్నవాళ్లకీ, మాట్లాడించినవాళ్లకీ దాదాపు 14 శాతం తగ్గింది. ఈ అంకెల్ని ట్యాపింగ్ నేర్పేవాళ్లందరూ చెబుతారు. అధ్యయనం నడిపిన ముఖ్యుడు కూడా ట్యాపింగ్ నేర్పేవాడేనని మాత్రం చెప్పరు.

ఇంతకంటే నాకు కళ్లు తెరిపించింది 2003లో వచ్చిన ఇంకో అధ్యయనం. 119 మంది విద్యార్థుల్ని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టు అసలు చోట్ల తట్టుకుంది. ఒకటి చేతి మీద ఉత్తుత్తి చోట్ల తట్టుకుంది. ఇంకోటి తమ ఒంటి మీద తట్టుకోకుండా ఒక బొమ్మని తట్టింది. నాలుగో జట్టు తట్టలేదు. మొదటి మూడు జట్లకీ భయం ఇంచుమించు ఒకేలా తగ్గింది! తట్టిన చోటుకి ప్రత్యేకమైన మహిమ ఉంటే బొమ్మని తట్టినవాళ్లకి ఎందుకు తగ్గాలి? భయాన్ని పేరు పెట్టి పిలవడం, దాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం, ఒక లయలో చేతులు ఆడించడం, ఆ రెండు నిమిషాలు తన కోసం ఆగడం. మేలు చేస్తున్నది ఇవేనని నేను నమ్ముతున్నాను.

ఇది తెలిశాక నాకు ట్యాపింగ్ మీద ఇష్టం తగ్గలేదు, బెంగ తగ్గింది. చంక కింద సరిగ్గా ఎన్ని అంగుళాలు, ఎడమ చెయ్యా కుడి చెయ్యా అనే గందరగోళం పోయింది. ఒక చోటు మర్చిపోతే కొంపేమీ మునగదు.

## బటర్‌ఫ్లై హగ్

రెండు చేతుల్నీ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, వేళ్ల కొసలు కాలర్‌బోన్ కిందికి వచ్చేలా ఉంచి, సీతాకోకచిలుక రెక్కలాడించినట్టు ఒకసారి కుడి, ఒకసారి ఎడమ తట్టుకోవడం. మాటలు అక్కర్లేదు. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ నిమిషమో రెండు నిమిషాలో చేస్తే చాలు.

మెక్సికోలోని అకపుల్కో ఊరిని 1997లో తుఫాను ముంచేసింది. తర్వాత ఏడాది అక్కడి పిల్లలతో పనిచేస్తూ లూసీనా ఆర్టిగాస్, ఇగ్నాసియో హరేరో ఈ పద్ధతి తయారుచేశారు. ఇది ఈఎండీఆర్ అనే చికిత్సలోంచి వచ్చిన ముక్క. ఫ్రాన్సిన్ షాపిరో 1987లో మొదలుపెట్టిన ఆ చికిత్సలో, బాధపెట్టే జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లని అటూ ఇటూ కదిలిస్తారు. ఘోరమైన అనుభవాల తర్వాత మిగిలే మానసిక గాయానికి ఈఎండీఆర్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫార్సు చేసింది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. ఆ సిఫార్సు శిక్షణ ఉన్న మనిషి ఎదుట కూర్చుని చేయించే మొత్తం చికిత్సకి. సోఫాలో కూర్చుని ఛాతీ మీద తట్టుకోవడానికి కాదు. కాబట్టి ఇంట్లో దీన్ని కుదుటపడటానికి మాత్రమే వాడండి. పాత గాయాన్ని తవ్వి తీసి తట్టుకుంటూ కూర్చోకండి. తవ్వడం తేలికే, మూయడానికి పక్కన మనిషి కావాలి.

మాటలు రాని చిన్నపిల్లలకీ, ఏమని చెప్పుకోవాలో తెలియనివాళ్లకీ, పక్క గదిలో అత్తగారు వింటారేమో అనుకునే కోడళ్లకీ నేను ముందు చెప్పేది ఇదే. దుప్పటి కప్పుకుని చేసుకున్నా ఎవరికీ తెలియదు.

## నెమ్మది ఊపిరి, భ్రామరి

ఆధారం విషయంలో ఇంట్లో చేసుకునేవాటిలో నేను పెద్దపీట వేసేది దీనికే. నిమిషానికి ఆరు ఊపిర్ల దగ్గరికి తగ్గించి, లోపలికి తీసుకునేదానికంటే వదిలేది పొడవుగా ఉంచితే గుండె వేగం నెమ్మదిస్తుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు రోజుకి ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు చేయించి చూశారు. రెండుసార్లు లోపలికి పీల్చి ఒకసారి పొడవుగా వదిలే పద్ధతి పాటించినవాళ్లకి, ధ్యానం చేసినవాళ్లకంటే ఉత్సాహం ఎక్కువ పెరిగింది.

భ్రామరి ప్రాణాయామం తెలిసినవాళ్లు వేరే ఏమీ నేర్చుకోనక్కర్లేదు. తుమ్మెదలా "మ్మ్మ్" అంటూ ఉంటే ఊపిరి తనంతట తనే పొడవుగా బయటికి వస్తుంది, లెక్క పెట్టుకోవాల్సిన పని లేదు. మా అమ్మకి డెబ్బై దాటాయి, ఆవిడకి ఇది తప్ప ఇంకేదీ నచ్చలేదు.

కొందరికి మాత్రం ఊపిరిని గమనించడమే భయం పుట్టిస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, పానిక్ అటాక్ వచ్చినవాళ్లు "ఊపిరి ఆడట్లేదేమో" అని ఇంకా కంగారుపడతారు. వాళ్లు కళ్లు తెరిచే ఉంచి చుట్టూ చూడాలి. కనిపించేవి ఐదు: ఫ్యాను, క్యాలెండరు, తలుపు గొళ్లెం, చెప్పులు, బిందె. తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసన తెలిసేవి రెండు, రుచి ఒకటి. ఇలా లెక్కపెట్టడంతో మనసు జరగబోయేదాన్ని వదిలి గదిలోకి వస్తుంది.

## బిగించి వదలడం

ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు సుమారు వందేళ్ల కింద చెప్పిన పద్ధతి. పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కో కండరాన్నీ ఐదు సెకన్లు బిగించి, ఒక్కసారి వదిలేయడం. పావుగంట పడుతుంది. రాత్రి పడుకున్నాక ఒళ్లంతా బిగుసుకుపోయి నిద్ర పట్టనివాళ్లకి దీన్ని మించింది లేదు. పగటిపూట ఎక్కువమందికి ఓపిక ఉండదు. మెడ, నడుము నొప్పులున్నవాళ్లు ఆ భాగాలు వదిలేయాలి.

## ఒకచోట చూస్తే

| పద్ధతి | ఎప్పుడు | సమయం | నలుగురిలో | జాగ్రత్త |
|---|---|---|---|---|
| ఇ.ఎఫ్.టి. ట్యాపింగ్ | ఫలానా భయం, అంకె 4 నుంచి 7 | 5 నుంచి 10 నిమిషాలు | కష్టం | ఏడుపు పెరిగితే ఆపాలి |
| బటర్‌ఫ్లై హగ్ | మాటలు రానప్పుడు, పిల్లలకి | 1 నుంచి 2 నిమిషాలు | కొంతవరకు | పాత గాయాల్ని తవ్వొద్దు |
| నెమ్మది ఊపిరి, భ్రామరి | గుండె దడ, అంకె 8 పైన | 2 నుంచి 5 నిమిషాలు | ఊపిరైతే తెలియదు | ఊపిరి గమనిస్తే భయమేస్తే వద్దు |
| ఐదు, నాలుగు, మూడు లెక్క | పానిక్, అంకె 8 పైన | 2 నిమిషాలు | హాయిగా | ఏమీ లేదు |
| బిగించి వదలడం | నిద్ర పట్టనప్పుడు | 15 నిమిషాలు | కుదరదు | నొప్పులున్న చోట వద్దు |
| కౌన్సెలర్, డాక్టరు | రెండు వారాలు దాటిన బాధ, పాత గాయం | వారాలు | గుట్టుగా ఉంటుంది | అర్హత చూసుకోవాలి |

## మనిషి కావాల్సినప్పుడు

రెండు వారాలకి మించి దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, రోజూ చేసే పని చేయలేకపోయినా, పై పద్ధతులన్నీ పక్కవాయిద్యాలే. బతకాలని లేదనే ఆలోచన వస్తే రెండు వారాలు చూడటం కాదు, అదే రోజు ఎవరితోనైనా మాట్లాడాలి.

ఫోన్ తీసి 14416 కొట్టండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్లకి 988. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు వినగానే నవ్వుతూ ఒకరినొకరు వెక్కిరించుకునే అలవాటు మనలో ఉంది. ఆ వెక్కిరింత వల్ల చికిత్సకి వెళ్లకుండా ఆగిపోయినవాళ్లు ఉన్నారు. దయచేసి ఇంట్లో పిల్లల ముందైనా ఆ మాట మానండి.

ప్రైవేటుగా వెళితే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అనే మొహమాటం వద్దు, అర్హత ఉన్నవాళ్లు సంతోషంగా నంబరు చెబుతారు. ఆలోచనల తీరు మార్చే సీబీటీ లాంటి చికిత్స సాధారణంగా ఆరు నుంచి ఇరవై సిట్టింగులు పడుతుంది. ఖర్చు ఎక్కువే. అయినా భయాలకీ, ఆందోళనకీ ఆధారం బలంగా ఉన్న దారుల్లో అది ముందుంటుంది.

## డబ్బు కట్టి ట్యాపింగ్ నేర్చుకోవాలా?

నేను కట్టాను. మూడు రోజుల ఆన్‌లైన్ క్లాసు. మొదటి రెండు రోజులూ నేర్పినదంతా పైన రెండు పేరాల్లో రాసేశాను. మూడో రోజు ఒకావిడ "నేను డిప్రెషన్ మాత్రలు వాడుతున్నానండీ, ఎప్పటి నుంచి మానొచ్చు?" అని అడిగింది. నేర్పే ఆయన "మీ శరీరమే చెబుతుందమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చాట్‌లో ఆవిడకి "డాక్టరుని అడక్కుండా మానకండి" అని రాశాను, నన్ను క్లాసులోంచి తీసేశారు.

ఆ మాత్రలు ఉన్నట్టుండి మానితే కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం, జబ్బు తిరగబెట్టడం జరగొచ్చు. ట్యాపింగ్ చేసుకుంటూ మాత్రలు వేసుకోవచ్చు, రెండింటికీ తగవు లేదు. మాత్రలు, బీపీ, షుగరు, కాన్సరు గురించి ట్యాపింగ్ గురువు సలహా ఇవ్వడం మొదలుపెడితే ఇక అక్కడి నుంచి లేచి రావడమే. నేర్చుకోవడానికైతే డబ్బు అక్కర్లేదు.

## మీరు ఎవరైతే ఏది

పరీక్షలు రాసే పిల్లలకి: దడ మొదలైతే ఊపిరి, కాస్త దిగాక ట్యాపింగ్. పరీక్ష రోజున కొత్తగా మొదలుపెట్టొద్దు, పది రోజుల ముందు నుంచే అలవాటు చేయండి. తల్లిదండ్రులు పక్కన నిలబడి "చేశావా, చేశావా" అని అడిగితే అదో సబ్జెక్టు అయిపోతుంది.

మంచాన పడ్డ పెద్దవాళ్లని చూసుకునేవాళ్లకి: మీకు పావుగంట ఏకాంతం దొరకదు. బాత్రూములో రెండు నిమిషాల భ్రామరి, పడుకునే ముందు బటర్‌ఫ్లై హగ్. దీనికంటే ముఖ్యంగా వారానికి ఒక పూటైనా ఇంకొకరు ఆ పని అందుకునేలా ఏర్పాటు కావాలి. చాకిరీ వల్ల వచ్చిన అలసట వేళ్లతో తడితే పోదు.

నైట్ షిఫ్టు వాళ్లకి బిగించి వదలడం. పెద్దవయసు వాళ్లకి, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి, గట్టిగా తట్టొద్దు. కమిలిపోతుంది, వేలితో తాకి నిమిరినా చాలు.

ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి నేను ట్యాపింగ్ చెప్పను. నెల తిరక్కుండానే "ఇది చేస్తే తగ్గుతుంది" అంటే, ఏడవడం తప్పని చెప్పినట్టు ఉంటుంది. ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి, అన్నం పెట్టండి.

ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పడుతున్నా అది టెన్షనే అనుకుని తట్టుకుంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఐదు రోజులు ఒక పద్ధతి, ఐదు రోజులు ఇంకోటి. చేసే ముందు అంకె, చేశాక అంకె, అంతే రాయండి. మా మేనకోడలి పుస్తకంలో ట్యాపింగ్ కింద "7 నుంచి 4" అని ఎక్కువసార్లు ఉంది, ఊపిరి కింద "9 నుంచి 6". తనకి రెండూ కావాలని అప్పుడు అర్థమైంది. పది రోజులకీ మీ అంకెలు కదలకపోతే, ఆ పుస్తకం చేతిలో పెట్టుకునే 14416కి ఫోన్ చేయండి. అవతలివాళ్లు మొదట అడిగే ప్రశ్నలు కొన్నింటికి జవాబులు అందులోనే ఉంటాయి.